మొండికేసిన బోల్టుకు బ్రేకర్ బార్: ఎంచుకోవడం నుంచి ఊడదీసే దాకా

ఓ పట్టాన కదలని బోల్టు ఎదురైతే చాలామంది ముందు చేతిలో ఉన్న రాట్చెట్‌కే (లోపలి పళ్ల చక్రంతో ఒక వైపే పట్టి తిప్పే పిడి) ఇంకాస్త బలం పెడతారు. అప్పటికీ రాకపోతే దాని పిడికి ఓ పైపు తొడుగుతారు. ఆ తర్వాత రాట్చెట్ లోపలి పళ్లు విరగడమో, బోల్టు తల మూలలు అరిగిపోవడమో జరుగుతుంది. అరగంటలో అయ్యే పని అక్కడి నుంచి రెండు రోజుల తలనొప్పి.

ఇలాంటి బోల్టుల కోసమే ఉన్న పనిముట్టు బ్రేకర్ బార్. పొడవాటి ఉక్కు పిడి, దాని కొసన అటూ ఇటూ వంగే తల, ఆ తలకు సాకెట్ (బోల్టు తల మీద తొడిగే గిన్నెలాంటి ముక్క) తొడగడానికి చదరపు ముక్క, అంతే. రాట్చెట్‌లో మీ బలమంతా చిన్న చిన్న పళ్ల మీద పడుతుంది. బ్రేకర్ బార్‌లో పళ్లే లేవు కాబట్టి అంతకు ఎన్నో రెట్ల బలాన్ని తట్టుకుంటుంది. అయితే ఇది చేతిలోకి రాగానే బలం మీదే నమ్మకం పెట్టుకోవడం పెద్ద పొరపాటు. బోల్టు విరగకుండా బయటికి రావాలంటే సాకెట్ పట్టు సరిగ్గా ఉండాలి, ముందు ఏర్పాటు చేసుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా బార్ చెప్పే మాట మీ చేతికి తెలియాలి.

పొడవు ఎంత పని చేస్తుంది

లెక్క చాలా సులువు. పెట్టిన బలాన్ని పిడి పొడవుతో గుణిస్తే వచ్చేదే టార్క్, అంటే తిప్పే బలం. 30 కిలోల బరువుకు సమానమైన బలంతో 25 సెంటీమీటర్ల రాట్చెట్‌ను లాగితే బోల్టుకు అందేది దాదాపు 74 న్యూటన్ మీటర్లు. అదే బలంతో 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్‌ను లాగితే 177 దాకా వస్తుంది. చిన్న కార్ల చక్రాల నట్లు బిగించేదే 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. కొన్నేళ్ల తుప్పు పట్టాక ఊడదీయడానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. మామూలు రాట్చెట్ ఎందుకు చాలదో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇదే లెక్కను తిరగేసి కూడా చూడాలి. 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) ఎం6 బోల్టును, అంటే మర వ్యాసం 6 మి.మీ. ఉన్నదాన్ని, బిగించేది దాదాపు 10 న్యూటన్ మీటర్లకే. దాన్ని 15కి తీసుకెళ్తే విరిగే ప్రమాదం మొదలవుతుంది. 60 సెంటీమీటర్ల బార్ కొసన ఆ 15 రావడానికి రెండున్నర కిలోల బలం చాలు, అంటే చెయ్యి ఊరికే ఆనించినంత. ఎం8కి దాదాపు 25, ఎం10కి 50, ఎం12కి 85 న్యూటన్ మీటర్లు. ఈ నాలుగు అంకెలూ గుర్తుంటే ఏ బోల్టు మీద ఎంత పొడవు బార్ పెట్టాలో మీకే తెలిసిపోతుంది. ఎం8, అంతకంటే చిన్న బోల్టుల మీద పొడవాటి బార్ పెట్టకూడదు. నూనె, వేడి, ఓపిక, వీటితోనే వాటిని రాబట్టాలి.

బార్ ఎంచుకోవడం

ముందు డ్రైవ్ సైజు చూడాలి, అంటే సాకెట్ తొడిగే చదరపు ముక్క కొలత. పావు అంగుళం, 3/8 అంగుళం, అర అంగుళం, ముప్పావు, ఒక అంగుళం దొరుకుతాయి. ఒక్కటే కొనాలంటే కళ్లు మూసుకుని అర అంగుళం తీసుకోండి. కార్లు, వ్యవసాయ యంత్రాలు, గేట్లు, పంపులు, వీటిలో పెద్ద బోల్టులకు అదే సరిపోతుంది. ఇంజను చుట్టూ ఇరుకు చోట్ల 3/8 అంగుళం పొట్టి బార్ పనికొస్తుంది. లారీలు, ట్రాక్టర్ల చక్రాలకు ముప్పావు అంగుళం కావాలి. ముప్పావు బార్‌కు అడాప్టర్ పెట్టి అర అంగుళం సాకెట్ తొడగడం నాకు నచ్చని పద్ధతి. బార్ ఎంత లావున్నా బలం చివరికి ఆ సన్నటి అర అంగుళం ముక్క గుండానే పోవాలి, విరిగేది అదే.

పొడవు విషయంలో, అర అంగుళం డ్రైవ్‌కు 60 సెంటీమీటర్లు చాలా మంచి కొలత. 45 అయితే ఇరుకులో తిప్పడానికి వీలుగా ఉంటుంది కానీ చక్రాల నట్ల దగ్గర కాస్త ఇబ్బంది పెడుతుంది. 75 అయితే బలం బాగా వస్తుంది, కానీ దాన్ని తిప్పడానికి చుట్టూ అంత చోటు ఉండాలి, చేతికి స్పర్శ కూడా తగ్గుతుంది. లాగితే పొడుగయ్యే టెలిస్కోపిక్ బార్లు బండి డిక్కీలో పెట్టుకోవడానికి బాగుంటాయి. రోజూ వాడే చోట మాత్రం ఒకే ముక్కగా ఉన్న పిడే మేలు. లాక్ దగ్గర ఏ కాస్త ఆడినా చేతికి తెలియాల్సిన విషయం అక్కడే పోతుంది.

కొనేటప్పుడు తలను చేతిలోకి తీసుకుని చూడండి. పిడికి తలను కలిపే పిన్ను దగ్గర పక్కలకు ఆట ఎక్కువ ఉండకూడదు. తలను ఏ కోణంలో వదిలితే అక్కడే నిలబడాలి. దానంతటదే వాలిపోయే తలతో ఇరుకులో సాకెట్ తొడగడం చికాకు. పిన్ను విప్పి తల మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ పనిముట్టులో ముందు పోయేది తలే. పిడి గట్టిగా లాగినప్పుడు కొద్దిగా వంగి, వదలగానే తిరిగి నిటారుగా రావడం మంచి ఉక్కు లక్షణం, దానికి భయపడక్కర్లేదు.

సాకెట్ దగ్గర పిసినారితనం వద్దు

మంచి బార్ కొని పాత, అరిగిన సాకెట్ తొడిగితే డబ్బు దండగ. సాకెట్లలో ఆరు మూలలవి, పన్నెండు మూలలవి రెండు రకాలు. పన్నెండు మూలల సాకెట్ బోల్టు తలను దాదాపు మూలల దగ్గరే పట్టుకుంటుంది. ఆరు మూలలది మూలకు కాస్త లోపలగా, చదునైన భాగాన్ని నొక్కుతుంది. మొండి బోల్టుకు ఎప్పుడూ ఆరు మూలలదే. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇరుకైన చోట ఆరు మూలల సాకెట్‌తో పిడి మీకు కావలసిన కోణంలో రాకపోవచ్చు. అప్పుడు సాకెట్‌ను బార్ నుంచి తీసి, పావు చుట్టు తిప్పి మళ్లీ తొడగండి. బోల్టు తలకు ఆరు మూలలు, డ్రైవ్‌కు నాలుగు మూలలు కాబట్టి పిడి ఇంతకు ముందున్న చోటుకు 30 డిగ్రీలు పక్కన వచ్చి నిలుస్తుంది.

కొలతలో రాజీ పడకూడదు. తల కొలత అర అంగుళం అయితే, అంటే 12.7 మి.మీ., దానికి 13 మి.మీ. సాకెట్ తొడిగినా తొడగబడుతుంది, కొంచెం ఆడుతుంది. ఆ కొంచెమే మూలలు తినేస్తుంది. తొడిగాక వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడండి, పూర్తిగా అడుగు దాకా దిగిందో లేదో చూడండి. తల చుట్టూ పేరుకున్న మట్టి, పెయింటు గీకేయకపోతే సాకెట్ సగమే దిగుతుంది, జారడం ఖాయం.

నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లు మందంగా ఉంటాయి, బలానికి పగిలిపోకుండా సాగే గుణం వాటికి ఎక్కువ. మెరిసే క్రోమ్ సాకెట్లు పలచగా ఉంటాయి, లోతైన సందుల్లోకి దూరతాయి, కానీ పెద్ద బలానికి పగిలి ముక్క ఎగిరే అవకాశం ఉంది. చోటు ఉన్నంత వరకు నల్లవే వాడండి. రెండింటిలో ఏదైనా సరే, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

బార్ పెట్టే ముందు

ముందు ఎటు తిప్పాలో తేల్చుకోండి. చాలా బోల్టులు ఎడమకు, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే వదులవుతాయి. కానీ సైకిల్ ఎడమ పెడల్, బెంచ్ గ్రైండర్ ఎడమ వైపు నట్టు, మండే గ్యాసు సిలిండర్ల రెగ్యులేటర్ల నట్లు, ఇవి ఎదురు మర. ఎంత లాగినా రాని బోల్టును అసలు బిగిస్తున్నామేమో అని ఒక్కసారి ఆగి ఆలోచించడం మంచిది.

తర్వాత వైర్ బ్రష్‌తో బయటికి కనిపించే మరలను, తల చుట్టూ శుభ్రం చేయండి. తుప్పు మీదే నూనె పోస్తే పైపైన జారి కారిపోతుంది. పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే పలచటి నూనె) వేయాల్సింది మరల చివర ఒక్కచోటే కాదు. మామూలు బోల్టును బిగించేటప్పుడు పెట్టిన బలంలో సుమారు సగం తల కింది రాపిడికే పోతుంది, మరల రాపిడికి నలభై శాతం దాకా, అసలు బిగింపుగా మిగిలేది పదో వంతే. అందుకే తల కింద, వాషర్ చుట్టూ కూడా నూనె వేయండి. వేసి వెంటనే లాగకండి. కనీసం పావుగంట ఆగాలి. బాగా తుప్పు పట్టిన దాన్ని రాత్రంతా వదిలేసి, మధ్యలో రెండుమూడు సార్లు మళ్లీ వేస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

నూనె వేశాక సుత్తితో తల మీద సూటిగా నాలుగైదు దెబ్బలు వేయండి, మరీ గట్టిగా కాకుండా. ఇనుము తుప్పుగా మారితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మరల సందులన్నీ నింపి బిగబట్టేస్తుంది. దెబ్బల అదురుకు ఆ పొరలో పగుళ్లు వస్తాయి, పగుళ్లలోంచి నూనె దిగుతుంది. చాలాసార్లు సగం పని ఇక్కడే అయిపోతుంది, తొందరలో జనం వదిలేసేది కూడా ఇదే.

అప్పటికీ రాకపోతే వేడి. నట్టు ఉంటే నట్టును వేడి చేయండి, అది వ్యాకోచించి బోల్టును వదులుతుంది. బోల్టు ఒక దిమ్మెలోకి దిగి ఉంటే దాని చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయండి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి అక్కడ వేడి బాగా పని చేస్తుంది. గట్టి రకం థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పూసే జిగురు) పూసిన బోల్టయితే ఆ జిగురు మెత్తబడాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి. అది లేకుండా బలం పెట్టడం బోల్టు విరగ్గొట్టుకోవడమే. పెట్రోలు పైపులు, బ్రేక్ హోసులు, రబ్బరు, షాక్ అబ్జార్బర్లు, ఎయిర్‌బ్యాగ్ దగ్గర మంట పెట్టకండి. అప్పుడే వేసిన నూనెను తుడిచేశాకే మంట. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన భాగాన్ని వేడి చేస్తే ప్రాణాలు తీసే ఫాస్జీన్ వాయువు పుట్టవచ్చు. అలా కడిగిన చోట అసలు మంటే వద్దు.

ఊడదీయడం, ఒక్కో అడుగు

1. మార్కర్‌తో బోల్టు తల మీద నుంచి పక్కనున్న లోహం మీదికి ఒక గీత గీయండి. ఎందుకో కింద చెబుతాను.

2. సాకెట్ పూర్తిగా దిగిందని చూసుకుని బార్ తొడగండి. పిడి బోల్టుకు లంబంగా, 90 డిగ్రీల్లో ఉండాలి. పక్కన ఏదైనా తగులుతుంటే తలను కొద్దిగా వంచి తప్పించుకోవచ్చు, కానీ ఎక్కువ వంచితే సాకెట్ పక్కకు తన్నేస్తుంది. అలాంటప్పుడు పొట్టి ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కూ బార్‌కూ మధ్య పెట్టే కడ్డీ) మేలు. పొడవాటి సన్న ఎక్స్‌టెన్షన్ మీ బలానికి తనే మెలిపడుతుంది, కీలు ఉన్న యూనివర్సల్ జాయింటైతే ఈ పనికి అసలే వద్దు.

3. ఒక అరచేతితో బార్ తలను బోల్టు వైపు నొక్కి పట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ ఉంటే ఈ చెయ్యే దానికి ఆసరా. సాకెట్ జారకుండా చూసేది ఈ చెయ్యి, లాగేది రెండోది.

4. లాగే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఉన్నట్టుండి వదిలితే నా చెయ్యి ఎక్కడికి పోతుంది? అక్కడ పదునైన అంచు, రేడియేటర్ రెక్కలు, గోడ ఉంటే నిలబడే చోటు మార్చండి. ఎప్పుడూ మీ వైపు లాగండి. తోయక తప్పకపోతే వేళ్లు ముడవకుండా, చాచిన అరచేతితో తోయండి.

5. ముందు బిగించే వైపు ఒక చిన్న ఒత్తిడి ఇవ్వండి. తుప్పు బంధం ఏ వైపు కదిలినా తెగుతుంది. చిన్న బోల్టుల మీద దీన్ని చాలా మృదువుగా చేయాలి.

6. ఇప్పుడు వదులు చేసే వైపు నెమ్మదిగా బలం పెంచుతూ పోండి, గుంజకండి. ఒక స్థాయికి వచ్చాక అక్కడే కాసేపు నిలిపి ఉంచండి. కదలకపోతే వదిలేసి, మళ్లీ నూనె, మళ్లీ దెబ్బలు, మళ్లీ లాగడం. బలం రెట్టింపు చేయడం కంటే ఈ వరుస రెండుసార్లు చేయడం చాలా నయం.

చెయ్యి చెప్పేది వినండి

ఇంపాక్ట్ గన్‌కు (దెబ్బలతో బోల్టు తిప్పే యంత్రం) లేని గుణం బ్రేకర్ బార్‌కు ఒకటుంది. లోపల ఏం జరుగుతోందో అది చేతికి చెబుతుంది.

పిడి వంగుతోంది, తల కదల్లేదు, వదలగానే పిడి తిరిగి వచ్చింది అంటే బోల్టు ఇంకా గట్టిగానే ఉంది, ప్రమాదం లేదు. "ఠక్" మని ఒక్క శబ్దంతో కాస్త కదిలిందంటే తుప్పు తెగింది, అదే మీరు కోరుకున్నది. కీచుమంటూ కదులుతుంటే మరలు ఎండిపోయి ఉన్నాయని అర్థం. అక్కడ ఆనందంతో గబగబా తిప్పేయకండి. పావు చుట్టు వదులు చేసి, దానిలో సగం వెనక్కి బిగించి, నూనె వేసి, మళ్లీ ముందుకు. రాలిన తుప్పు పొడి మరల మధ్య ఇరుక్కుంటే వదులైన బోల్టు కూడా మధ్యలో మళ్లీ పట్టేసి విరుగుతుంది.

భయపడాల్సింది నాలుగో దానికి. శబ్దం లేదు, బోల్టు తిరుగుతోంది, కానీ ప్రతిఘటన పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు, మెత్తగా సాగుతున్నట్టు ఉంది. మరలు కదలడం లేదు, బోల్టు ఒళ్లే మెలిపడుతోంది. వెంటనే ఆపండి. ముందు గీసిన గీత ఇప్పుడు పనికొస్తుంది. బలం తీసేశాక తల మీది గీత పాత చోటుకే వచ్చిందా, అయితే బోల్టు స్ప్రింగులా మెలిపడి తిరిగి వచ్చింది, ఇంకా ఆశ ఉంది. గీత పక్కకు పోయి అక్కడే ఉండిపోయింది, లాగేటప్పుడు మెత్తగానే ఉంది అంటే ఒళ్లు శాశ్వతంగా మెలిపడింది. ఇక బార్ పక్కన పెట్టి వేడి వైపు వెళ్లాలి. స్టడ్ (ఒక కొస దిమ్మెలో బిగించి ఉన్న తల లేని మర కడ్డీ) మీది నట్టయితే స్టడ్ కొసను చూడండి. నట్టుతో పాటు స్టడ్ కూడా తిరుగుతుంటే మీరు తీస్తున్నది నట్టును కాదు.

చక్రాల నట్ల దగ్గర

ఇది అందరికీ ఎదురయ్యే సందర్భం. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వేరే చక్రాల దగ్గర అడ్డు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ పావు చుట్టు నుంచి అర చుట్టు దాకా మాత్రమే వదులు చేయండి, ఆ తర్వాతే జాకీ. జాకీ మీద లేచిన బండికి బ్రేకర్ బార్ పెట్టి లాగితే బండి కదిలి మీద పడవచ్చు.

మామూలు మర అయితే పిడి మీకు కుడివైపు ఉన్నప్పుడు పైకి లేపాలి, ఎడమవైపు ఉన్నప్పుడు కిందికి నొక్కాలి. వీపు నిటారుగా ఉంచి కాళ్ల బలంతో పైకి లేపడం నాకు ఎక్కువ నమ్మకం, నట్టు వదిలినా మీరు ముందుకు పడిపోరు. పిడి మీద ఎక్కి నిలబడి ఎగరడం చాలాచోట్ల కనిపించే అలవాటు, దయచేసి మానేయండి. సాకెట్ జారిందంటే చీలమండ, మోకాలు పోతాయి. దొంగల కోసం వేసే లాక్ నట్టు ఉంటే దాని తాళం సాకెట్ సన్నటి గాడులతో ఉంటుంది, కాబట్టి బార్ సూటిగా పట్టుకుని మరింత నెమ్మదిగా లాగండి.

పైపు తొడగడం గురించి

60 కిలోల మనిషి తన బరువంతా 1.2 మీటర్ల దూరంలో మోపితే 700 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అర అంగుళం చదరపు ముక్కను అంత బలానికి తయారు చేయరు. పైపు తొడిగిన బార్ విరిగితే ఆ ఊపుకు మనిషి కింద పడతాడు, ముక్క ముఖం వైపు వస్తుంది. అంత బలం కావాలనిపిస్తే ముప్పావు అంగుళం బార్ తెచ్చుకోండి. పిడిని సుత్తితో కొట్టడం కూడా ఇలాంటిదే, తల పిన్ను పగులుతుంది. స్పార్క్ ప్లగ్గులకు, ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గులకు, సన్న బోల్టులకు ఈ బార్ వద్దు. సిలిండర్ హెడ్ బోల్టులకు వాడవచ్చు కానీ తయారీదారు చెప్పిన వరుసలో, అన్నిటినీ కొద్దికొద్దిగా వదులు చేస్తూ రావాలి. ఒకటి పూర్తిగా తీసి తర్వాతి దానికి వెళ్తే హెడ్ వంకరపోతుంది.

తల అరిగిపోతే

మూలలు పోతున్నట్టు అనిపించిన మొదటిసారే ఆపండి. ఒక సైజు చిన్న ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో కొట్టి బిగుతుగా దించితే చాలాసార్లు పట్టు దొరుకుతుంది. లేదా లోపల వంకీలు ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ వాడండి. నట్టయితే నట్ స్ప్లిటర్‌తో చీల్చేయవచ్చు, స్టడ్ మిగులుతుంది. తల పూర్తిగా గుండ్రమైతే దాని మీద కొత్త నట్టు వెల్డింగ్ చేయించడం మంచి దారి. పట్టు దొరకడంతో పాటు ఆ వేడికి తుప్పు కూడా సడలుతుంది.

వదులయ్యాక

బోల్టు స్వేచ్ఛగా తిరగడం మొదలయ్యాక బార్ పక్కన పెట్టి రాట్చెట్ తీసుకోండి. బయటికి వచ్చిన బోల్టు ఒంటిని వెలుతురులో పట్టుకుని చూడండి. మధ్యలో నడుములా సన్నబడి ఉంటే, మరలు ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా కనిపిస్తే అది సాగిపోయింది. దాన్ని మళ్లీ వాడకుండా అదే గ్రేడుది కొత్తది వేయండి. గ్రేడు తల మీదే 8.8, 10.9, 12.9 అని ఉంటుంది.

రంధ్రంలోని మరలను శుభ్రం చేసి, మళ్లీ తుప్పు పట్టే చోట యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే ముద్ద) కొద్దిగా పూయండి. చక్రాల స్టడ్‌ల మీద మాత్రం తయారీదారు చెబితే తప్ప ఏమీ పూయకండి, రాపిడి తగ్గితే అదే టార్క్‌కు స్టడ్ మామూలు కంటే ఎక్కువ సాగుతుంది. బిగించడం చేత్తో మొదలుపెట్టి టార్క్ రెంచ్‌తో (ఎంత టార్క్ పడిందో చెప్పే పిడి) ముగించాలి. బ్రేకర్ బార్‌తో బిగిస్తే ఎంత బిగించారో తెలియదు. టార్క్ రెంచ్‌తో మొండి బోల్టు ఊడదీస్తే దాని కొలత చెడిపోతుంది. చక్రాల నట్లను ఎదురెదురుగా, నక్షత్రం వరుసలో బిగించి, కొన్ని పదుల కిలోమీటర్లు నడిపాక మరోసారి టార్క్ రెంచ్ పెట్టి చూడండి.